ఇరుసు వెనక బరువు



పాత స్పోర్ట్స్ కారు ఒకటుంది. దాని ఇంజన్ ముందు ఉండదు, వెనక ఇరుసుకి కూడా అవతల, బంపర్‌కి ఆనుకుని ఉంటుంది. ఆ ఇంజన్ ఇక బాగు కాదని మెకానిక్ తేల్చేశాడు. దాని స్థానంలో ఏ ఇంజన్ వేయాలి? ఈ పూట నేను మాట్లాడబోయేది దీని గురించే.

అలాంటి కార్లు మన ఊళ్లో ఎక్కడున్నాయని అడగవచ్చు. పోర్షే, కార్మన్ ఘియా లాంటివి కొద్దిమంది ఇళ్లలోనే ఉంటాయి. వెనక ఇంజన్ బండి మాత్రం మనకు కొత్త కాదు. హైదరాబాద్‌లో మౌలాలి నుంచి ఈసీఐఎల్ చౌరస్తాకి వెళ్లే ఆటో వెనక ఇంజన్ బండే. 2009లో వచ్చిన టాటా నానోకి 624 సీసీ, రెండు సిలిండర్ల ఇంజన్ వెనక సీటు కిందే ఉండేది. అంచేత ఇప్పుడు చెప్పే లెక్కలు శ్రీమంతుల గ్యారేజీలకే పరిమితం కావు.

ఇంజన్ మార్చాలన్న మాట రాగానే మిత్రులందరూ అడిగేది ఒకటే: ఎంత హార్స్‌పవర్? నా అభిప్రాయంలో అది అన్నిటికన్నా చివర అడగాల్సిన ప్రశ్న. మొదట బరువు అడగాలి. తర్వాత, అది అక్కడ ఎలా చల్లబడుతుందో అడగాలి. తర్వాత గేర్‌బాక్సు, తర్వాత కాగితాలు. ఇవన్నీ కుదిరాక మిగిలిన హార్స్‌పవర్ ఎంతైతే అంత.

ఈ వరుస నాకు కార్ల పుస్తకాల్లో దొరకలేదు, మౌలాలిలో దొరికింది. ఇక్కడి డీజిల్ లోకో షెడ్డు రైల్వేవాళ్లకి బాగా తెలిసిన షెడ్డు. దశాబ్దాల పాటు ఆల్కో రకం డీజిల్ ఇంజన్లు ఈ షెడ్డు పేరు మీదే దక్షిణ మధ్య రైల్వేలో తిరిగాయి. డబ్ల్యూడీఎం-2 అని పిలిచే రైలింజన్ బరువు 112.8 టన్నులు. ఆరు ఇరుసులు. ఒక్కో ఇరుసు మీద సుమారు 18.8 టన్నులు. పట్టాలు, వంతెనలు ఆ అంకెని నమ్ముకునే ఉంటాయి. లోపల ఏ భాగం మార్చినా ఆ లెక్క తప్పకూడదు. ఎంత శక్తి పెంచాలన్న ఆలోచన ఆ గీత దాటకుండానే సాగాలి. కారుకి కూడా అలాంటి గీత ఒకటి ఉంటుంది, అయితే దాన్ని ఎవరూ తలుపు మీద రాసి పెట్టరు.

ఆ గీత ఎక్కడుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పాత పోర్షే 911కి ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం మొదట్లో 2,211 మిల్లీమీటర్లు, తర్వాత 2,268. రెండు మీటర్ల పావు అనుకుందాం. ఇంజన్ బరువు మధ్యబిందువు వెనక ఇరుసుకి అరమీటరు అవతల ఉందనుకుందాం. పాత ఇంజన్ కన్నా 50 కిలోలు ఎక్కువ బరువున్న ఇంజన్ అక్కడ పెట్టారు. వెనక చక్రాల మీద పెరిగేది 50 కిలోలు కాదు, దాదాపు 61. ఆ అదనపు 11 కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయి? ముందు చక్రాల మీది నుంచి. సైకిల్ క్యారియర్ మీద బియ్యం బస్తా వేసి, హ్యాండిల్ తేలిపోతుంటే నడిపినవాళ్లకి ఈ లెక్క అంకెలు లేకుండానే అర్థమవుతుంది. మొత్తం 1,080 కిలోల కారులో ముందు చక్రాల వాటా మొదటే తక్కువ. అందులోంచి 11 కిలోలు పోయాయంటే, స్టీరింగ్ తిప్పేది ఆ చక్రాలతోనే కదా, వాటి పట్టు ఆ మేరకు తగ్గినట్టే. పైగా ఇలాంటి కార్లలో పెట్రోల్ ట్యాంకు ముందు ఉంటుంది. ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ముందు భాగం ఇంకా తేలికవుతుంది.

మలుపులో డ్రైవర్ భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేశాడనుకోండి. బరువు ఒక్కసారి ముందుకి జరుగుతుంది, వెనక టైర్ల పట్టు సడలుతుంది. వెనకనున్న ఇంజన్ బరువు బయటి వైపుకి లాగుతుంది. కారు బొంగరంలా తిరిగేది అప్పుడే. తయారుచేసినవాళ్లకి కూడా ఇది తెలుసు. 911ని 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో చూపించి, మరుసటి ఏడు అమ్మడం మొదలుపెట్టారు. ఆ తొలి కార్లలో కొన్నిటికి ముందు బంపర్ మూలల్లో 11 కిలోల చొప్పున పోత ఇనుప దిమ్మలు బిగించి పంపారు. ఒక స్పోర్ట్స్ కారుకి కావాలని ఇనుము మోయించడమంటే ఇంజనీర్లకి ఎంత కష్టమైన నిర్ణయమో ఆలోచించండి. 1969 మోడల్‌కి వచ్చేసరికి వెనక చక్రాలను 57 మిల్లీమీటర్లు వెనక్కి జరిపారు. బ్యాటరీని రెండుగా చేసి ముందు భాగంలో చెరో పక్కా పెట్టారు. ఇంత శ్రమా ఇంజన్ని ఉన్నచోటే ఉంచి, దాని బరువుకి సమాధానం చెప్పడం కోసమే.

అమెరికాలో షెవర్లే కోర్వేర్‌ది ఇంకో కథ. 1960 మోడల్‌గా వచ్చిన ఆ వెనక ఇంజన్ కారుకి ముందు టైర్లలో గాలి బాగా తక్కువ, వెనక టైర్లలో ఎక్కువ పెట్టమని కంపెనీ చెప్పింది. పెట్రోల్ బంకుల్లో నాలుగింటికీ ఒకే గాలి కొట్టేసేవాళ్లు. 1965లో రాల్ఫ్ నేడర్ రాసిన పుస్తకం ఆ కారు సస్పెన్షన్‌ని దేశమంతా చర్చకి పెట్టింది. 1972లో అమెరికా ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ పరీక్షించి, సాటి కార్లకన్నా ఇది ఘోరమేమీ కాదని తేల్చింది. అప్పటికే కారు తయారీ ఆగిపోయి మూడేళ్లయింది. ఇందులోంచి నేను తీసుకునేది ఒకటే. మీరు వేరే బరువున్న ఇంజన్ పెట్టిన రోజు నుంచి కంపెనీ పుస్తకంలో రాసిన టైరు గాలి, స్ప్రింగు, షాక్ అబ్జార్బరు అంకెలు మీ బండికి వర్తించవు. వాటిని మళ్లీ మీరే లెక్క కట్టుకోవాలి.

మరి ఏ ఇంజన్ వేయాలి? వీలైతే ఆ ఇంటి ఇంజనే వేయాలి. అంటే అదే కుటుంబంలో, అదే క్రాంక్‌కేస్ వంశంలో, తర్వాతి సంవత్సరాల్లో మెరుగుపడి వచ్చినది. రైల్వేవాళ్లు చేసింది అదే. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి వచ్చి, ఆ తర్వాత వారణాసిలో తయారైన డబ్ల్యూడీఎం-2 శక్తి 2,600 హార్స్‌పవర్. దాని లోపలిది 251 తరగతి, 16 సిలిండర్ల ఇంజన్. దాన్ని పారేసి వేరే దేశపు ఇంజన్ దించలేదు. టర్బోచార్జరు మార్చారు, ఇంధనం చిమ్మే పంపులు మార్చారు, గాలిని చల్లబరిచే ఏర్పాటు మెరుగుపరిచారు. అదే కుటుంబం 3,100 హార్స్‌పవర్ ఇచ్చింది. దాన్నే డబ్ల్యూడీఎం-3ఏ అన్నారు. షెడ్డులో పనిచేసేవాళ్లకి పాత పానాలు, పాత గేజీలు, పాత అనుభవం అన్నీ పనికొచ్చాయి. ఇంజన్ మార్పులో డబ్బుకన్నా విలువైన ఆదా ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను: దాన్ని రేపు విప్పే మనిషికి అది పరాయిది కాకపోవడం.

911లో కూడా కుటుంబం పెద్దదే. అటు మూడు, ఇటు మూడు సిలిండర్లు పడుకోబెట్టిన, గాలితో చల్లబడే ఇంజన్ 1964లో రెండు లీటర్లతో, 130 హార్స్‌పవర్‌తో మొదలైంది. అక్కడి నుంచి 2.2, 2.4, 2.7, 3.0, 3.2, 3.6 లీటర్ల దాకా పెరిగింది. ఈ వరుసలో అన్నీ ఒకటి కావు. 2.7 లీటర్ల ఇంజన్లకి క్రాంక్‌కేస్ మెగ్నీషియంది. వేడెక్కి, చల్లారి, మళ్లీ వేడెక్కేసరికి సిలిండర్ హెడ్‌ని పట్టి ఉంచే స్టడ్లు మరల్లోంచి ఊడి రావడం దానికి ప్రసిద్ధమైన జబ్బు. మన ఎండలకి నేనైతే దాని జోలికి వెళ్లను. 1978 మోడల్ నుంచి వచ్చిన 3.0 లీటర్ల ఎస్‌సీ ఇంజన్‌కి క్రాంక్‌కేస్ అల్యూమినియంది. బరువు కొంచెం ఎక్కువ, ఆయుష్షు చాలా ఎక్కువ. 1984లో వచ్చిన 3.2 కూడా గట్టిదే. దానికి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ ఉంటుంది గనక ఇంజన్‌తో పాటు వైరింగు, కంప్యూటర్ పెట్టె, సెన్సర్లు అన్నీ ఒకే బండివి తెచ్చుకోవాలి. విడివిడిగా పోగుచేస్తే ఏళ్లు గడిచిపోతాయి.

ఒకే ఇంటివి అయినా కలవని చోట్లు ఉంటాయి. 1977 దాకా వచ్చిన ఇంజన్లకి ఫ్లైవీల్ ఆరు బోల్టులతో బిగుస్తుంది, 1978 నుంచి తొమ్మిది బోల్టులతో. పాత గేర్‌బాక్సుకి కొత్త ఇంజన్ తగిలించాలంటే ఫ్లైవీలు, క్లచ్చు కలిసి కుదరాలి. 1972కి ముందున్న చిన్న గేర్‌బాక్సు మీద 3.2 ఇంజన్ బలం మోపితే గేర్ల పళ్లు ఎన్నాళ్లు ఉంటాయో కూడా ఆలోచించాలి. ఇంజన్ ధర అడిగినప్పుడు ఈ ఖర్చులు ఎవరూ చెప్పరు.

ఫోక్స్‌వ్యాగన్ బీటిల్, దాని పునాది మీద కట్టిన కార్మన్ ఘియా ఉన్నవాళ్ల పని ఇంకా తేలిక. 2003 జూలైలో మెక్సికోలో ఆఖరి బీటిల్ వచ్చేదాకా 2 కోట్ల 15 లక్షలకు పైగా కార్లు తయారయ్యాయి. 1200 సీసీ ఇంజన్ తీసి 1600 సీసీ ఇంజన్ పెట్టడం దాదాపు అలాగే కూర్చునే పని. అందులో కూడా 1971 తర్వాతి ఇంజన్ వెతకమంటాను. అంతకుముందు ఆయిల్ కూలర్ సరిగ్గా మూడో సిలిండర్‌కి వెళ్లే గాలికి అడ్డంగా ఉండేది. అందుకే ఆ సిలిండరే ముందు మాడేది. 1971లో కూలర్‌ని పక్కకి జరిపి, దానికి వేరే గాలిదారి ఇచ్చారు.

పరాయి ఇంజన్లు పెట్టినవాళ్లు లేకపోలేదు. కోర్వేర్ ఇంజన్ని బీటిల్‌లో పెట్టడం అమెరికాలో ఒకప్పుడు బాగా నడిచింది. అల్యూమినియంది, ఆరు సిలిండర్లు, గాలితో చల్లబడేది, అన్నీ బాగున్నాయి. చిక్కేమిటంటే అది తిరిగే దిశ వ్యతిరేకం. అలాగే తగిలిస్తే కారుకి ముందుకి ఒక గేరు, వెనక్కి నాలుగు గేర్లు వస్తాయి. గేర్‌బాక్సులో పెద్ద పళ్లచక్రాన్ని అటుపక్క నుంచి ఇటుపక్కకి మార్చి గానీ నడపలేరు. ఈమధ్య సుబారు నాలుగు సిలిండర్ల ఇంజన్లు పెడుతున్నారు. అవి పడుకున్న సిలిండర్లవే, బలం బాగుంది, దొరుకుతాయి. కానీ నీటితో చల్లబడతాయి. రేడియేటరు ముందు పెట్టాలి, ముందు నుంచి వెనకదాకా గొట్టాలు వేయాలి, నీళ్ల బరువు కలపాలి, బాడీలో రంధ్రాలు కొట్టాలి. రేడియేటర్ ముందుండటం వల్ల బరువు కొంత ముందుకి రావడం మాత్రం మేలే. అయినా ఒకసారి బాడీ కోశాక ఆ కారు మళ్లీ పూర్వరూపానికి రావడం చాలా కష్టం.

చల్లబడటం గురించి ఇంకొంచెం సేపు ఆగుతాను. మన దగ్గర ఇంజన్లు ఎక్కువగా పాడయ్యేది ఇక్కడే. మే నెల మధ్యాహ్నం మౌలాలి కమాన్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్న కారుకి ఎదురుగాలి రాదు. ఫ్యాన్ ఒక్కటే దిక్కు. గాలితో చల్లబడే ఇంజన్ చుట్టూ రేకులు, అంచుల వెంట రబ్బరు పట్టీ ఉంటాయి. పైనుంచి వచ్చే చల్లగాలి, కింద సిలిండర్ల మీంచి పోయే వేడిగాలి కలవకుండా అవి అడ్డుగోడగా నిలుస్తాయి. ఇంజన్ దించి ఎక్కించేటప్పుడు మనవాళ్లు ముందుగా పక్కన పడేసేది ఆ రేకుల్నే. ఎందుకో తెలియని రేకు, మరచుట్టు పోయిన రేకు, వంగిన రేకు. అవి లేకపోతే వదిలిన వేడిగాలినే ఫ్యాన్ మళ్లీ పీల్చి మళ్లీ ఇంజన్ మీద ఊదుతుంది. ఇంజన్ ఎంత మంచిదైనా నిలవదు. ఇంజన్ కొనేటప్పుడు రేకులతో సహా కొనండి. చినిగిన రబ్బరు పట్టీ కొత్తది వేయించండి. లక్షలు పోసిన ఇంజన్ని కాపాడేది కొన్ని వందల రూపాయల రబ్బరు.

పెట్రోల్ సంగతి కూడా చెప్పాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. 1960ల, 70ల ఇంజన్ల గొట్టాలు, కార్బురేటర్ వాషర్లు దానికోసం చేసినవి కావు. ఇథనాల్‌కి రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పగులుతుంది. వెనక ఇంజన్ కారులో కారిన పెట్రోల్ సరిగ్గా వేడి ఎగ్జాస్ట్ మీద పడుతుంది. కాబట్టి ఏ ఇంజన్ తెచ్చినా, దాన్ని బిగించకముందే పెట్రోల్ గొట్టాలన్నీ ఇథనాల్‌కి తట్టుకునే రకానికి మార్పించండి. ఇది తర్వాత చూద్దామనుకునే పని కాదు.

సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనేటప్పుడు ఎలా పరీక్షించాలి? మళ్లీ లోకో షెడ్డు పద్ధతే చెబుతాను. డీజిల్ షెడ్లలో ఒక ల్యాబ్ ఉంటుంది. ఇంజన్ ఆయిల్ కొంచెం తీసి, అందులో ఇనుము, రాగి, సీసం ఎంతెంత ఉన్నాయో చూస్తారు. సీసం, రాగి పెరిగితే బేరింగులు అరుగుతున్నాయని ఇంజన్ విప్పకుండానే తెలుస్తుంది. మనకి అంత ల్యాబ్ లేకపోయినా ఆయిల్ ఫిల్టర్ కోసి, మడతల్లో మెరిసే రజను ఉందేమో చూడవచ్చు. ప్రతి సిలిండర్ కంప్రెషన్ కొలవాలి. అంకె తక్కువగా ఉన్నా అన్నిటిలో సమంగా ఉంటే నాకు కొంత ధైర్యమే, ఒకదానిలో మాత్రం పడిపోతే అనుమానమే. బీటిల్ ఇంజన్ అయితే కింద పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. క్రాంక్‌షాఫ్ట్ ఆ దిశలో 0.15 మిల్లీమీటరు కన్నా ఎక్కువ కదిలితే లోపలి పని చాలా ఉంది. డయల్ గేజి పెట్టి కొలిపించాలి, చేతి అంచనా చాలదు.

షెడ్డు నుంచి నేర్చుకోవాల్సింది మరొకటి ఉంది. ఓవర్‌హాల్ చేసిన డీజిల్ ఇంజన్ని నేరుగా రైలుకి తగిలించరు. లోడ్ బాక్సుకి కలిపి, పూర్తి బరువు మోస్తున్నట్టుగా నడిపించి, ఉష్ణోగ్రత, ఆయిల్ ఒత్తిడి అన్నీ చూశాకే లైన్ మీదికి పంపుతారు. మనం కూడా కారులోకి ఎక్కించకముందే ఇంజన్ని ఒక స్టాండు మీద పెట్టి నడిపించాలి. ఆయిల్ ఎక్కడ కారుతుందో నేలమీదే కనపడాలి. మౌలాలి, నాచారం, మల్లాపూర్ పారిశ్రామికవాడల లేత్ షాపుల్లో, వెల్డింగ్ షాపుల్లో అలాంటి స్టాండు, దానికి కావలసిన మౌంటింగులు చేసిపెట్టే పనివాళ్లున్నారు. గీసిన కొలతలు చేతికిస్తే వంద రకాల పరిశ్రమలకి పనిచేసిన చేతులవి. బయటి నగరాలకి పోవాల్సిన పనిలేదు.

ఇక విద్యుత్ మోటారు. దీన్ని తోసిపుచ్చేవాణ్ని కాదు నేను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పందెం జరిగింది. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆ కార్ల వెనక చక్రాలని తిప్పేది 350 కిలోవాట్ల మోటారు. పాత వెనక ఇంజన్ కారుకి మోటారు పెడితే ఒక గొప్ప సౌకర్యం ఉంది. మోటారు తేలిక, బ్యాటరీ బరువు. ఆ బ్యాటరీలో సగం ముందు, పెట్రోల్ ట్యాంకు ఖాళీ చేసిన చోట పెట్టవచ్చు. అంటే పుట్టినప్పటి నుంచీ ఈ కార్లని వెంటాడిన బరువు సమస్యకి మందు దొరుకుతుంది. హైదరాబాద్‌లోనే ఈ-ట్రియో సంస్థ ఆల్టో, వ్యాగన్‌ఆర్ లాంటి పెట్రోల్ కార్లని విద్యుత్ కార్లుగా మార్చే కిట్లు తయారుచేసింది. రోజూ తిరిగే నానోకి ఎవరైనా అడిగితే మోటారు పెట్టమనే చెబుతాను. 1967 నాటి పోర్షేకి అడిగితే వద్దంటాను. దాని వెనకనుంచి వచ్చే ఆరు సిలిండర్ల ధ్వని తీసేశాక ఆ కారులో మిగిలేది ఆకారమే.

కాగితాల దగ్గరికి వద్దాం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. బ్యాటరీకో, గ్యాసుకో మార్చే కిట్లకి షరతులతో అనుమతి ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షన్‌ని గట్టిగానే చదివింది. కాబట్టి ఇంజన్ కొనకముందే రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. ఇంజన్ నంబరు మారితే ఆర్‌సీలో ఎక్కాలి. ఎక్కకపోతే రేపు ప్రమాదం జరిగిన రోజున ఇన్సూరెన్సు దగ్గర సమాధానం ఉండదు.

దీనికన్నా ముఖ్యమైంది 2021 జూలైలో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నియమం. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనాలకి, కార్లకి ఇది వర్తిస్తుంది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది, మన దగ్గర టీజీ వీఏ. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000. పదేళ్లు చెల్లుతుంది. ప్రదర్శనలకి, ర్యాలీలకి, మరమ్మతులకి తప్ప రోజువారీ వాడకానికి కుదరదు. షరతు ఒక్కటే గట్టిది: బండి మూలరూపంలో ఉండాలి, చాసిస్‌కి, బాడీకి, ఇంజన్‌కి పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఇప్పుడు ఆలోచించండి. 1970 నాటి కారులో సుబారు ఇంజనో, మోటారో పెట్టిన క్షణంలో ఆ గౌరవం దక్కే దారి మూసుకుపోతుంది. ఇంజన్ ధరలో ఈ నష్టాన్ని కూడా కలిపి చూడాలి.

అందుకే చివరికి నా సలహా ఇలా ఉంటుంది. బండికి 50 ఏళ్లు దాటితే, పాత ఇంజన్‌నే బాగుచేయించే దారి మొత్తం వెతకండి. బోరు చేయించడం, క్రాంక్ గ్రైండింగ్, లోపలి మరలు పోతే కొత్త గింజలు వేయించడం మన ఊళ్లో జరిగే పనులే. ఖర్చు ఎక్కువైనా, ఏడాది పట్టినా అదే చేయండి. బండి అంత పాతది కాకపోతే, లేదా పాత ఇంజన్ నిజంగా పగిలిపోతే, ఆ కుటుంబంలోని తర్వాతి ఇంజన్ వేయండి. అదీ దొరకకపోతేనే పరాయి ఇంజన్.

ఏది చేసినా, దించిన పాత ఇంజన్ని తుక్కు వ్యాపారికి ఇవ్వకండి. నంబరు కొట్టి ఉన్న క్రాంక్‌కేస్ పగిలినా సరే ఉంచండి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ప్రతి సిలిండర్లో కొంచెం ఆయిల్ పోసి, చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు మళ్లీ బిగించండి. కార్బురేటర్ రంధ్రం, ఎగ్జాస్ట్ రంధ్రాలు గుడ్డతో మూసి, తేమ చేరని చోట చెక్క దిమ్మల మీద పెట్టండి. ఆర్‌సీ నకలు ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి దానికే కట్టండి. మెగ్నీషియం క్రాంక్‌కేస్‌ని వెల్డింగ్ చేసే నిపుణులు ప్రపంచంలో ఉన్నారు. ఆ బండి మీ తర్వాత ఎవరి చేతికి వెళ్తుందో, వాళ్లు దాన్ని మళ్లీ మూలరూపంలోకి తేవాలనుకుంటే ఆ నంబరున్న క్రాంక్‌కేస్ మరెక్కడా దొరకదు.